రెండో గుండు

ఆఖరి రేడియేషన్ అయిపోయిన రోజు డాక్టరు నా ఫైలు మూసి, "ఇక మూడు నెలల తర్వాత కనబడండి" అన్నాడు. అంతే. ఎనిమిది నెలల పాటు నన్ను వారానికోసారైనా పిలిపించుకున్న ఆసుపత్రి ఒక్క మాటతో నన్ను వదిలేసింది. అమ్మ కళ్ళు తుడుచుకుని ఆయనకు దండం పెట్టింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఇంకేదో చెబుతాడని చూస్తూ కూర్చున్నాను. నా తర్వాతి మనిషిని లోపలికి పిలిచాక లేవక తప్పలేదు.

వైద్యం జరిగినన్నాళ్ళూ నాకొక టైంటేబుల్ ఉండేది. ఏ రోజు రక్తపరీక్ష, ఏ రోజు మందు ఎక్కిస్తారు, ఎన్ని రోజులు వాంతులు, ఎప్పటికి నాలుకకు మళ్ళీ రుచి తెలుస్తుంది, అన్నీ క్యాలెండర్లో రాసుకునేదాన్ని. భయపడడానికి తీరిక దొరికేది కాదు. అదంతా అయిపోయాక క్యాలెండరు ఖాళీ అయింది, భయానికి కావలసినంత తీరిక దొరికింది. నడుము పట్టేస్తే ఎముకలకు పాకిందేమో అనుకునేదాన్ని. దగ్గు వస్తే ఊపిరితిత్తులకేమో అనుకునేదాన్ని. తలనొప్పి సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరూ "అయిపోయింది కదా, ఇంక హాయిగా ఉండు" అనేవాళ్ళు. ఏది అయిపోయిందో నాకు తెలిసేది కాదు. ఎడమ రొమ్ము అయిపోయిన మాట మాత్రం నిజం.

అలసట గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. నిద్రపోతే తీరే అలసట కాదది. గోపన్‌పల్లిలో నేనుండే అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోతే రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయేదాన్ని. స్నానం చేసి వచ్చి మంచం మీద పడుకుని, కాసేపాగి జడ వేసుకోవడానికి లేవాలని అనుకుని, వేసుకోవడానికి జడ లేదని గుర్తొచ్చి, మళ్ళీ పడుకునేదాన్ని. అప్పటికి నా వయసు ముప్పై నాలుగు. పెళ్ళి కాలేదు. అంతకుముందు అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరి సంబంధం చెప్పి ప్రాణం తీసేది. ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. పీడ వదిలిందని సంతోషపడాలి కదా, ఏడుపొచ్చింది.

రెండు నెలలు చూసి, అమ్మను ప్రొద్దుటూరు పంపించేసి, ఆఫీసులో చేరాను. అమ్మకు అక్కడ జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉంది. నా కోసం అది పది నెలలు మూసి పెట్టింది. నా ఆఫీసు హైటెక్ సిటీలో. విదేశంలోని ఒక జీవిత బీమా కంపెనీకి మేం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. వాళ్ళు ఎవరికి పాలసీ ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో లెక్క తేల్చే భాగాన్ని పరీక్షించడం నా పని. నాలాంటి వాళ్ళకు ఇవ్వకూడదని ఆ ప్రోగ్రాం సరిగ్గానే చెబుతోందా లేదా అని చూసి, సరిగ్గానే చెబుతోందని సంతకం పెట్టేదాన్ని. చేరిన మొదటి వారం ఇది తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా మేనేజరు మంచివాడు. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా. ఏలూరు వైపు మనిషి, పేరు చివర 'గారు' లేకుండా ఎవర్నీ పిలవడు. "మీరేం కంగారు పడకండి, నెమ్మదిగా చేద్దురుగాని" అని నా కుర్చీని ఏసీ గాలి తగలని మూలకు మార్పించాడు. ఐదేళ్ళపాటు రోజూ ఒక మాత్ర మింగాలి నేను. ఆ మాత్ర వల్ల ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు పుట్టుకొచ్చి, జాకెట్టు తడిసిపోతుంది. నాకు కావలసింది ఏసీ గాలే. అంత ప్రేమగా మార్పించిన మనిషికి ఆ మాట చెప్పలేక, ఆ మూలనే కూర్చుని ఫైలు అట్టతో విసురుకునేదాన్ని.

నా పని కూడా అలాగే మార్చేశాడు. మా దగ్గర ప్రతి పనికీ ఒక అసలు మనిషి, ఒక బ్యాకప్ ఉంటారు. అసలు మనిషి వెళ్ళిపోయే ముందు తనకు తెలిసిందంతా కూర్చోబెట్టి బ్యాకప్‌కు చెప్పి పోవాలి. దాన్ని కేటీ అంటారు. కేటీ పెట్టారంటే ఆ మనిషి వెళ్ళిపోతున్నాడని ఫ్లోరంతటికీ తెలిసిపోతుంది. ఆపరేషనుకు వెళ్ళే ముందు నేను నా బ్యాకప్‌గా ఉన్న శ్రీకాకుళం అబ్బాయికి నాలుగు రోజులు కేటీ ఇచ్చి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అతను అసలు మనిషి, నేను బ్యాకప్. పదేళ్ళు నేను సాకిన పని అది. అడిగితే, "మీకెందుకండీ ఆ టెన్షను" అన్నాడు మేనేజరు. ఆరు నెలల తర్వాతి పనుల పట్టికలో నా పేరు ఎక్కడా లేదు. ఎవరూ కావాలని తీసేయలేదు. రాయడానికి వాళ్ళకు ధైర్యం చాలలేదు. నేను మళ్ళీ మామూలు మనిషినని వీళ్ళ చేత అనిపించుకోవాలి, అదొక్కటే అప్పుడు నాకున్న కోరిక.

జుట్టు రావడం మొదలైంది. నా జుట్టు ఎప్పుడూ తిన్నగా ఉండేది. ఇప్పుడొచ్చింది ఉంగరాల జుట్టు. అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషి. అంతవరకు నేను చున్నీ చుట్టుకుని తిరిగేదాన్ని. ఈ ఊళ్ళో స్కూటీ నడిపే ఆడపిల్లలంతా దుమ్ముకు తలా మొహమూ చుట్టుకునే తిరుగుతారు కాబట్టి రోడ్డు మీద నన్నెవరూ పట్టించుకోలేదు. రెండంగుళాలు పెరిగాక ఒక రోజు చున్నీ లేకుండా ఆఫీసుకు వెళ్ళాను. గేటు దగ్గర ఆడవాళ్ళ బ్యాగులు వెతికే సెక్యూరిటీ ఆమె కొత్తగా చేరింది. బోరబండ నుంచి వస్తుంది, నలభై దాటి ఉంటాయి. నా సంగతి ఆమెకేమీ తెలియదు.

"మంచిగుంది మేడమ్ కటింగు. ఏడ చేపిచ్చిన్రు?" అంది నా తలకేసి చూసి.

"అమీర్‌పేటలో" అన్నాను, తడుముకోకుండా. ఆ అబద్ధానికి ఆ రోజంతా నేనెంత సంతోషపడ్డానో చెప్పలేను. ఏడాదిలో మొదటిసారి ఒక మనిషి నా తల చూసి జాలిపడలేదు.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది. "పాపా, జుట్టు ఎంత వచ్చినాది?" అని మొదలుపెట్టి నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. నన్ను ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళినప్పుడు బయట బెంచీ మీద కూర్చుని కొండకు మొక్కుకుందట, బిడ్డ బతికి బయటపడితే దాని తలనీలాలు ఇప్పిస్తానని. ఆ తర్వాత మూడు వారాలకే మందు పడి నా జుట్టంతా దిండు మీదికి రాలిపోతుందని పాపం ఆమెకేం తెలుసు.

"ఆయన ముందే తీసుకున్నాడు కదమ్మా" అన్నాను.

"అది మందు పీక్కున్నది. మనం ఇచ్చింది యాడుంది?"

"పోనీ మూడు కత్తెర్లు ఇస్తా." ఆడవాళ్ళు చాలామంది అలా మూడుసార్లు కొసలు కత్తిరించి ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు.

"నేను మొక్కుకున్నది గుండు. ఆయనతో బేరమాడాల్నా?"

ఒళ్ళు మండిపోయింది. నా తల మీద నా జుట్టు, మొక్కుకునేది మాత్రం తను. చాలా మాటలే అన్నాను. మళ్ళీ గుండుతో ఆఫీసుకు పోతే ఇక ఈ జన్మలో వాళ్ళ కళ్ళకు నేను రోగినే అని అరిచాను. అమ్మ అంతా విని, "అయితే టికెట్టు ఎప్పుడు తీసుకుంటావు?" అంది.

కాచిగూడలో నేను రైలెక్కేట్టు, అమ్మ ఎర్రగుంట్లలో ఎక్కేట్టు టికెట్లు తీశాను. అవి మామూలు రోజులు కావు. తెలంగాణ కోసం ఊరంతా కదిలింది. ఇవాళ బంద్ అంటే రేపు రాస్తారోకో. మా కంపెనీ బంద్ రోజున సెలవిచ్చి, దానికి బదులు శనివారం పని చేయించుకునేది. యూనివర్సిటీ గేటు ముందు విద్యార్థులు రోడ్డు మీద కూర్చుంటే మా క్యాబ్ అక్కడే గంటలకు గంటలు ఆగిపోయేది. మా ప్రయాణం రోజునే రైళ్ళు ఆపేశారు. మళ్ళీ తీసిన టికెట్లూ అలాగే పోయాయి. రెండుసార్లూ ఫోనులో అమ్మతో "అయ్యో" అన్నాను. లోపల మాత్రం బతికిపోయాననుకున్నాను. ఉద్యమం ఎవరికేమిచ్చిందో గానీ నాకు నాలుగంగుళాల జుట్టు ఇచ్చింది.

తర్వాత పెద్ద సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు వారాల తరబడి డిపోల్లోనే ఉన్నాయి. లోకల్ రైళ్ళు నడవని రోజుల్లో సెక్యూరిటీ ఆమె బోరబండ నుంచి పట్టాల వెంబడి నడిచి వచ్చేది. చెప్పులు తెగితే పిన్నీసు పెట్టుకుంది. "పరేషాన్ కాదా నీకు?" అని అడిగాను ఒకసారి.

"ఐతది మేడమ్. గని మా పిల్లలకు కొలువులు రావాలె కద. మా తెలంగాణ మాకు రావాలె. గీ నాలుగు దినాలు నడిస్తె ఏమైతది?" అని, బ్యాగు నా చేతికిస్తూ, "మీదే ఊరు మేడమ్?" అంది.

"కడప దిక్కు."

"ఐతేంది, మిమ్ములనేం పొమ్మంటలేం. ఫికర్ చెయ్యకున్రి" అని నవ్వింది. ఆమె నడిచేది ఏదో రావాలని, నేను ఆ బంద్‌లను చూసి సంతోషపడేది కొండకు పోకుండా తప్పించుకోవాలని. సిగ్గేసింది. సిగ్గేసినా మర్నాడు బంద్ ఉందేమోనని పేపరు చూడడం మానలేదు.

ఆ సమ్మె నాకు ఇంకొకటి కూడా ఇచ్చింది. శ్రీకాకుళం అబ్బాయి దసరాకు ఊరెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. బస్సుల్లేవు, ఉన్న రైళ్ళలో చోటు లేదు, టీవీలో హైదరాబాదు వార్తలు చూసి వాళ్ళమ్మ అసలే పంపనంది. ఇంటి నుంచి చేద్దామంటే ఆ పని ఆఫీసు గోడల మధ్యే చేయాలని విదేశీ కంపెనీ షరతు. కొత్త ప్రోగ్రాం వాళ్ళకు అప్పగించాల్సిన రిలీజు రోజు నెత్తి మీదికొచ్చింది. మేనేజరు నా మూలకొచ్చి, గొంతు సవరించుకుని, "ఏవండీ, మీరేమైనా..." అని ఆగాడు. "చేస్తానండీ" అన్నాను.

రెండు వారాలు చేశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక విశ్రాంతి గదిలో పదిహేను నిమిషాలు నేల మీద వెల్లకిలా పడుకుని, లేచి మళ్ళీ కూర్చునేదాన్ని. ఎడమ చేయి వాచేది. పాదాల్లో తిమ్మిర్లు. అయినా ఆ రెండు వారాలు నేను క్యాన్సరు మాట తలుచుకోలేదు. రిలీజు ఒక్క తప్పు లేకుండా పోయింది. "వచ్చేదానికి మీరే అసలు మనిషి" అన్నాడు మేనేజరు అందరి ముందూ. పట్టికలో ఆరు నెలల తర్వాతి గడిలో నా పేరు రాశాడు. దాన్ని వెళ్ళి వెళ్ళి చూసుకున్నాను.

సమ్మె ముగిసింది, రైళ్ళు నడిచాయి. మూడు నెలలకోసారి చేసే పరీక్షలో ఈసారీ ఏమీ లేదని తేలింది. అమ్మకు చెబితే సంతోషం ఒక్క నిమిషమే ఉంది. "ఇంగ పోదాం పాపా" అంది.

"ఇప్పుడే నిలదొక్కుకుంటున్నానమ్మా. వచ్చే ఏడు పోదాం."

నేనైతే ఇంకో పోట్లాటకు సిద్ధమయ్యాను. "నాకు భయమైతాంది" అంది అమ్మ. "నువ్వు ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే చాలు, చేతులు ఆడవు. ఆయనకు ఇచ్చిన మాట అట్లనే ఉండిపాయె. రేపు నీకేమన్నా అయితే నేనేం చేసేది?" వైద్యం జరిగిన ఎనిమిది నెలల్లో నా ముందు ఒక్కసారి కూడా భయమన్న మాట అనలేదు ఆమె. నా భయం నాకే సరిపోయి, ఆమెకూ ఒకటి ఉంటుందని నేను అనుకోలేదు. శుక్రవారం సెలవు పెట్టాను. కారణం అడిగితే ఊళ్ళో పనుందన్నాను.

కొండ మీద గుండు కొట్టే ఆమె నా తల తడిపి, "మూడు కత్తెర్లా, గుండా?" అని అడిగింది. అమ్మకేసి చూశాను. అమ్మ నా మొహంలోకి చూసి, తల దించుకుంది. అంటే నామీదే వదిలేసింది. "గుండే" అన్నాను. ఏదో అనుభూతి కలుగుతుందని ఎదురుచూశాను గానీ, ఏమీ కలగలేదు. నెత్తికి చల్లగా తగిలింది, మెడ నొప్పి పుట్టింది. తిరుగు రైల్లో అమ్మ ఎక్కగానే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, గురక పెట్టి, ఎర్రగుంట్ల వచ్చేదాకా లేవలేదు. దిగేటప్పుడు నా గుండు నిమిరి, "ఇంగ నాకేం భయం ల్యా" అంది. నాకుందని చెప్పి ఆమె నిద్ర చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

సోమవారం చున్నీ చుట్టుకోకుండానే ఆఫీసుకు వెళ్ళాను. చెవుల వెనక గంధం ఇంకా అంటుకునే ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆమె నన్ను చూడగానే, "తిరుపతి పోయొచ్చిన్రా మేడమ్? లడ్డు ఏది?" అని చేయి చాపింది. ఒకటి ఇచ్చాను. కళ్ళకద్దుకుని కొంగున కట్టుకుంది.

మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఫ్లోరు మీద మాటలు ఆగిపోయాయి. నేను సీటు దాకా నడిచే లోపల నలుగురు తలలు దించుకున్నారు. ఒకమ్మాయి బాత్రూములోకి పరిగెత్తింది, ఏడవడానికేనని తర్వాత తెలిసింది. అందరూ తెలుగువాళ్ళే. ఇళ్ళలో ఏటా ఎవరో ఒకరు గుండుతో తిరిగొచ్చేవాళ్ళే. నా తల మీద గంధం మాత్రం ఒక్కరికీ కనబడలేదు. కంప్యూటరు తెరిచి కూర్చున్న పది నిమిషాలకే మెయిలొచ్చింది. పదకొండు గంటలకు కేటీ. ఇచ్చేది నేను, తీసుకునేది శ్రీకాకుళం అబ్బాయి.

మేనేజరు నన్ను చిన్న గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎన్నాళ్ళు సెలవు కావాలన్నా తీసుకోండి. ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం. ఓపిక ఉంటే కేటీ ఒక్కటి ఇచ్చేయండి, చాలు" అన్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. బ్యాగులోంచి లడ్డూ పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. "నేను తిరుపతి వెళ్ళొచ్చానండీ. మీ ఏలూరులో ఎవరైనా గుండుతో వస్తే లడ్డూ అడుగుతారా, కేటీ అడుగుతారా? గురువారం జుట్టున్న మనిషికి సోమవారానికి మందు వల్ల గుండవుతుందా? మొన్నటి పరీక్ష శుభ్రంగా వచ్చింది. నేను చచ్చిపోవడం లేదు. నన్ను ఎన్నిసార్లు పంపించేస్తారు మీరు?"

ఆయన లడ్డూ పొట్లం చూశాడు, నన్ను చూశాడు. కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకుని, "అమ్మయ్య" అని, ఆ తర్వాత, "క్షమించండి, చాలా పెద్ద తప్పే" అన్నాడు. మళ్ళీ ఏదో అడగాలా వద్దా అని తటపటాయించాడు.

"చెప్పండి."

"అది కాదండీ... మీరు చేరిన రోజు నుంచి షేర్డ్ ఫోల్డర్లో ఒక ఫైలు రాస్తున్నారు కదా. ఏ పని ఎలా చేయాలో, ఎవర్ని అడగాలో, పాస్‌వర్డు మార్చే తేదీలతో సహా. రోజూ సాయంత్రం అందులో ఏదో ఒకటి చేరుస్తారు. రిలీజు జరిగిన రోజున కూడా రాశారు. దానికి 'నేను లేనప్పుడు' అని పేరు పెట్టారు. అది మా అందరికీ కనబడుతుంది. మీకేదో తెలిసే రాస్తున్నారని అనుకున్నాం."

ఆ ఫైలు మంచి అలవాటనుకున్నాను, ఎవరికీ ఇబ్బంది కలగకూడదని. ఎనిమిది నెలలుగా ప్రతి సాయంత్రం కేటీ ఇస్తున్నది నేనే. వీళ్ళు నన్ను పంపించేస్తున్నారని ఇంత అరిచాను గానీ, ముందుగా సర్దుకుని గుమ్మంలో నిలబడింది నేనే. అమ్మ భయమన్న మాటైనా పైకి అనగలిగింది. నేను ఫైలు రాస్తూ కూర్చున్నాను.

మేనేజరు లడ్డూ తుంచి నోట్లో వేసుకుని, పదకొండు గంటల మీటింగు రద్దు చేశాడు. ఫ్లోరు మీద మిగతావాళ్ళు వచ్చి లడ్డూ కోసం ఎగబడ్డారు. ఏడ్చొచ్చిన అమ్మాయి నా గుండు నిమిరి నవ్వి మళ్ళీ ఏడ్చింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే విశ్రాంతి గదిలో పదిహేను నిమిషాలు పడుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు అలవాటు కొద్దీ ఆ ఫైలు తెరిచాను. చాలాసేపు చూశాను. చెరిపేయడానికి ధైర్యం చాలలేదు. ఏమీ రాయకుండా మూసేసి ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు కూడా రాయలేదు.